జ్వరం లేని జబ్బు

"ఈ నెలకు ఇరవై ఎనిమిది రోజులే మామయ్యా," అంది కోడలు, కార్డును కిటికీ వెలుతురుకు పట్టుకుని. "మీరు ముప్పై ఒకటో తారీకున కూడా ఆరోగ్యంగా ఉన్నారు."

పెద్దాయన దుప్పటిలోంచి ముక్కు ఒక్కటే బయటపెట్టి, ఆ ముక్కుతోనే తన అభ్యంతరం తెలియజేశాడు.

"ఇవాళ పదహారు. రేపటి నుంచి నెలాఖరు దాటాక కూడా ఇంట్లో నలుగురికీ తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. ఒక్కరికీ అర డిగ్రీ అటూ ఇటూ లేదు. ఎప్పుడు రాశారు ఇదంతా?"

"ఒకటో తారీకున."

"అన్ని రోజులవీ ఒక్కసారేనా?"

"ముప్పై రెండేళ్ళు బస్సు నడిపాను తల్లీ. ట్రిప్ షీటు పొద్దున్నే నింపి సంతకం పెట్టేసేవాణ్ణి. ఏ ఊరికి ఎన్నింటికి చేరేదీ అందులో ఉండేది. తర్వాత బస్సే ఆ కాగితం ప్రకారం నడుచుకునేది. ఇనపబండికి ఉన్న బుద్ధి ఒంటికి ఉండొద్దా?"

కోడలు కార్డును మడిచి సంచిలో పెట్టుకుంది. ఆవిడ మడిచిన తీరు చూసి, గుమ్మంలో నిలబడ్డ ఆవిడ మొగుడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ కార్డులు కోడలి ఉద్యోగం. ఆరోగ్య కేంద్రం వాళ్ళు చలికాలమంతా చూసుకోమని ఆవిడకు నాలుగు వీధులు అప్పగించారు. ఇంటికొక థర్మామీటరు, ఇంటికొక కార్డు. ఎవరికి జ్వరం, ఎవరికి దగ్గు, ఎవరికి ఆయాసం అని వారమంతా తిరిగి కనుక్కుని, శుక్రవారం నాలుగింటికల్లా పట్టిక పంపాలి. ఒకే వీధిలో ఐదుగురికి ఒకే జబ్బు కనిపిస్తే డాక్టరమ్మ జీపు వేసుకుని వస్తుంది. ఈ పని వల్ల కోడలికి దక్కిన పేరు జ్వరాల నర్సు. ఆవిడ మలుపు తిరిగిందంటే చాలు, దగ్గు వచ్చినవాడు దగ్గు మింగి, తుమ్ము వచ్చినవాడు ముక్కు నొక్కుకుని, ఇద్దరూ కళ్ళనీళ్ళతో నమస్కారం పెట్టేవాళ్ళు.

పోయిన వారం ఆ జీపు వచ్చింది కూడా. ఒకే ఇంట్లో పదకొండుమంది తుమ్ముతున్నారని కోడలే పిలిపించింది. తీరా చూస్తే ఆ ఇంటి పెరట్లో పరుపులవాడు పాత దూది ఏకుతున్నాడు. డాక్టరమ్మకూ నాలుగు తుమ్ములు తప్పలేదు. "ఇంకొక్క పొరపాటు జరిగిందా, నీకు వీధులు లేవు. కేంద్రంలో కూర్చుని మందుల డబ్బాల మీద చీటీలు అంటించుకో," అని చెప్పి, ఐదో తుమ్ము జీపులో తుమ్ముకుంటూ వెళ్ళిపోయింది.

ఇవాళ మళ్ళీ శుక్రవారం. పొద్దున ఎనిమిది.

"నిన్న సాయంత్రం పెరట్లో కుండీ పక్కన వాంతి ఎందుకు చేసుకున్నారని అడుగమ్మా," అంది అత్తగారు వంటింట్లోంచి. "మొన్న కూడా. అటుమొన్న కూడా."

మూడు రోజులుగా అత్తగారు మొగుడితో మాట్లాడటం లేదు. మాట్లాడవలసినవన్నీ కోడలితో చెబుతుంది, ఆయనకు వినపడేంత గట్టిగా.

"అది వాంతి కాదని చెప్పమ్మా. కుండీలో మొక్క వాడిపోయింది, వంగి చూశాను," అన్నాడు పెద్దాయన.

"తలనొప్పని రెండు చేతులా తల పట్టుకుని గోడకు ఎందుకు ఆనుకున్నారని కూడా అడుగు."

"గోడ ఒరిగిందేమోనని ఆనుకుని చూశానని చెప్పు."

"ఆ దర్జీ కొట్టు వెనకగదికి వెళ్ళొద్దని సోమవారం నుంచీ మొత్తుకుంటున్నాను. ఆ ముసలివాళ్ళలో ఎవరికో ఏదో ఉంది, అదే అంటించుకొస్తున్నారు. అంటే, నామీదే అరిచి వెళ్ళారు. ఇంక నేను మాట్లాడను."

"మూడు రోజులుగా మాట్లాడకుండా ఎంత మాట్లాడుతోందో చూశావా?" అన్నాడు పెద్దాయన కొడుకు వైపు తిరిగి.

కొడుకు ఫ్రిజ్ మెకానిక్. చలికాలంలో ఫ్రిజ్ చెడిపోతే జనం కిటికీ తెరిచి సామానంతా కిటికీలో పెట్టుకుంటారు గాని మెకానిక్‌ను పిలవరు. అందుచేత నాలుగు నెలలు అతను ఇంట్లోనే ఉంటాడు. ఇంట్లో ఉన్నందుకు ఎవరో ఒకరి పక్షం వహించవలసి వస్తుంది. తల్లి వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు, చేతిలో ఉన్న సుత్తి వైపు చూసుకున్నాడు.

"చేయి ఎత్తండి మామయ్యా," అంది కోడలు.

థర్మామీటరు చంకలో పెట్టింది. వంటింటి గుమ్మంలోకి వచ్చిన అత్తగారితో సహా నలుగురూ దానివైపే చూస్తూ ఉన్నారు. ఈ ఇంట్లో ఇంతమంది ఇంతసేపు నిశ్శబ్దంగా ఉండి చాలా కాలమైంది.

అది కూత కూసింది. తొంభై ఎనిమిది పాయింట్ రెండు.

"చూశావా," అన్నాడు పెద్దాయన దుప్పటి తన్నేసి లేస్తూ. "నేను రాసినదానికి రెండు పాయింట్లు తక్కువే. బండి కండిషన్‌లో ఉంది."

కోడలు థర్మామీటరును తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. వీపు మీద చెవి ఆనించి వింది. గొంతులోకి టార్చి వేసి చూసింది. ఎక్కడా ఏమీ లేదు. ఆవిడకు వింతగా తోచింది ఇంకొకటి. ప్రతి చలికాలం ఈయన దగ్గితే బస్సు వస్తోందనుకుని జనం రోడ్డు పక్కకు జరిగేవాళ్ళు. వీధిలో ఆయన పేరే హారన్ తాత. ఈ ఏడు ఇంత చలిలోనూ ఆ హారన్ ఒక్కసారీ మోగలేదు.

జ్వరం లేదు, దగ్గు లేదు. వాంతి, తలనొప్పి మాత్రం రోజూ సాయంత్రం అయ్యేసరికి హాజరు.

"మామయ్యా, మీరు దాచేది ఇంకేమైనా ఉందా?"

"ఉంది. మీ అత్తయ్య పోట్లాటలో నేను నెగ్గిన రోజులు. లోకానికి చెప్పలేదు, ఆవిడ పరువు పోతుందని."

వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా కింద పడింది. పడింది అనడం మర్యాద కోసం.

అత్తగారికి ఒక పద్ధతి ఉంది. పోట్లాడాలంటే ముందు మొగుణ్ణి వెనకగదిలోకి పిలిచి తలుపు వేస్తుంది, వీధి వినకూడదని. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ తలుపు పడిన చప్పుడు వినగానే చుట్టుపక్కలవాళ్ళు చేతిలో పనులు ఆపి చెవులు ఇటు పెడుతున్నారు. ఆ తలుపు ఇంతవరకు ఒక్క మాటనైనా లోపల ఆపలేదు. మూడు రోజులుగా ఆ తలుపు పడకపోవడంతో వీధికే తోచడం లేదు.

కోడలు సంచి భుజాన వేసుకుని గుమ్మం దిగుతూ మొగుణ్ణి అడిగింది. "ఆ సుత్తి ఎందుకు?"

"చిన్న పని ఉందిలే."

"ఆ రేకు ముక్కలు?"

"అదే పనికి," అన్నాడతను, ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

ఇంకో రోజైతే ఆవిడ నిలబెట్టి అడిగేది. ఇవాళ నాలుగింటి పట్టిక ఉంది. వెళ్ళిపోయింది.

*

ఆ వారం చలి అంతా ఇంతా కాదు. గోడ గడియారంలో ముళ్ళు రెండూ పన్నెండు దగ్గర కలుసుకుని, ఒకదాన్నొకటి కావలించుకుని, అరగంట దాకా విడిపోలేదు. కుళాయి తిప్పితే నీళ్ళు ముందు తొంగిచూసి, బయట సంగతి కనుక్కుని, వెనక్కి వెళ్ళిపోయేవి. నమ్మనివాళ్ళు ఆ వీధిలో ఎవరినైనా అడగవచ్చు. ఆ చలిలో నోరు తెరిచి జవాబు చెప్పేవాడు దొరికితే.

రిటైరైన పోస్టుమాను ఇంటి తలుపు అరచేయి మేర తెరుచుకుంది.

"మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదమ్మా," అంది ఆయన భార్య.

"నేనింకా అడగలేదు పిన్నిగారూ."

"అడుగుతావుగా. వేడి పోతుందని ముందే చెప్పా."

"ఎవరది?" అని లోపలి నుంచి పోస్టుమాను గొంతు. "జ్వరాల నర్సయితే ఏమీ లేదని చెప్పు."

"చెప్పాను."

"నమ్మిందా?"

కోడలు నవ్వి, తలుపు సందులో పాదం పెట్టింది. "బాబాయిగారికి సాయంత్రాలు తల నొప్పి పుడుతోందా పిన్నిగారూ?"

పిన్నిగారి మొహం మారిపోయింది. గొంతు తగ్గించింది. "నీకెవరు చెప్పారు? నిన్న తూలుకుంటూ వచ్చి, మా ఇల్లు దాటి, పక్కింట్లో దూరి, వాళ్ళ మంచం మీద పడుకున్నారు. నలభై ఏళ్ళు ఊళ్ళో ఒక్క ఇల్లు తప్పకుండా ఉత్తరాలిచ్చిన మనిషి తన ఇల్లు మరిచిపోయాడమ్మా. తాగాడని పక్కింటావిడ అనుకుంది. నేనూ మూతి దగ్గర వాసన చూశాను. ఏమీ లేదు."

"వాంతి?"

"అయింది. వాళ్ళ చెప్పుల్లో. ఎవరితో అనకు."

"జ్వరం?"

"లేదు. పొద్దున లేచేసరికి మామూలు మనిషే. నన్ను తిట్టగలుగుతున్నాడు కూడా."

"మీకెలా ఉంది?"

"నాకేం జబ్బు తల్లీ. నాకు తీరికెక్కడిది?"

లెక్కల మాస్టారి ఇంట్లోనూ ఇదే పాట, గొంతు వేరు. మాస్టారి భార్య కోడల్ని లోపలికి లాగి మరీ చెప్పింది. "నిన్న సాయంత్రం మనవరాలు ఏడూ ఐదూ ఎంత తాతయ్యా అనడిగితే, రేపు చెబుతానన్నారు."

"చెప్పారా?"

"పొద్దున లేచీ లేవగానే పన్నెండు అన్నారు. రాత్రంతా వేసుకున్నారేమో లెక్క."

"రోజూ ఇంతేనా?"

"వారం నుంచీ. మొన్న ఆదివారం మాత్రం బాగానే ఉన్నారు."

"ఆదివారం ఏం చేశారు?"

"ఏముంది, ఇంట్లోనే ఉన్నారు. దర్జీ ఆదివారం కూతురింటికి వెళ్తాడుగా. కొట్టు మూత. క్యారమ్స్ లేవు, అచ్చం కట్టేసినట్టు ఉన్నారు."

సైకిల్ షాపు అన్నదమ్ముల ఇంట్లో ఇద్దరికీ అదే. దర్జీ ఇంట్లో దర్జీకీ అదే. ఆయన నిన్న చొక్కాకు మూడో చేయి కుట్టాడని ఆ ఇంటి కోడలు చెప్పి నవ్వింది. ఎవరూ జబ్బనుకోలేదు. ముసలితనం అనుకున్నారు, చలి అనుకున్నారు, ఒకావిడ దిష్టి అనుకుంది.

మధ్యాహ్నం వీధి మూల అరుగు మీద కూర్చుని కోడలు పుస్తకంలో రాసుకుంది. ఆరుగురు. జ్వరం లేదు. దగ్గు లేదు. ఇంట్లో మిగతావాళ్ళకు లేదు. పొద్దున లేదు. ఆదివారం లేదు.

రాసింది చదువుకుంటే అది జబ్బులా లేదు, పొడుపు కథలా ఉంది. డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"తలనొప్పి, వాంతి, తూలడం. ఒకే వీధిలో ఆరుగురు," అంది డాక్టరమ్మ. "ఇంకేం ఆలోచన? ఫ్లూ అని రాసి పంపు."

"ఫ్లూకి ఆదివారం సెలవు ఉంటుందా డాక్టరుగారూ?"

డాక్టరమ్మ గొంతు పెంచింది.

"నువ్వు నాకు పట్టిక పంపడానికి ఫోన్ చేశావా, పరీక్ష పెట్టడానికా?"

"నాలుగింటి దాకా టైముంది కదండీ. అది ఫ్లూ కాదనిపిస్తోంది."

"మరేమిటి?"

"తెలీదు."

"తెలీదు అనే గడి మన పట్టికలో లేదు," అంది డాక్టరమ్మ. "దూది సంగతి గుర్తుందిగా. ఈసారి తప్పయితే నేను రాను, బదిలీ కాగితం వస్తుంది."

*

రెండున్నరకు కోడలు ఇంటికి వచ్చేసరికి మొగుడు ఒక్కడే ముందుగదిలో భోంచేస్తున్నాడు. చేతికి జిగురు, జుట్టులో రంపపు పొట్టు. మొహంలో ఒక సంతోషం, అది ఎవరైనా అడిగితే బాగుండునన్నట్టు.

ఆవిడ అది అడగలేదు.

"మామయ్య?"

"ఇంకెక్కడికి, దర్జీ కొట్టుకి."

"అత్తయ్య?"

"నాన్నను పట్టుకురావడానికి వెళ్ళింది. ఇవాళ తేల్చుకుంటానంది. వెళ్ళి చాలాసేపయింది."

ఆవిడ అతని ఎదురుగా కూర్చుంది. పుస్తకం తెరిచి నేలమీద పెట్టింది.

"ఏమండీ, ఆ వెనకగదిలో ఏం చేస్తారు వాళ్ళు?"

"క్యారమ్స్ ఆడతారు. నాన్న కథలు చెబుతాడు. ఘాట్ రోడ్డులో మంచు అంత దట్టంగా ఉంటే కండక్టరు కిటికీలోంచి చేయి పెట్టి టికెట్టు ఇచ్చాడట, అందుకున్నవాడు పక్క బస్సులో ప్రయాణికుడట. వారం నుంచీ అదే కథ. రోజుకో బస్సు పెరుగుతోంది."

"వాళ్ళు తినేదేమైనా ఉందా? తాగేది?"

"టీ. అది దర్జీ ముందుగదిలోనే కాస్తాడు. నేనూ తాగాను, నాకేం కాలేదు."

"మీరెప్పుడు వెళ్ళారు?"

అతను నోట్లో ముద్ద నమలడం మొదలుపెట్టాడు. ఎంతసేపు నమిలాడంటే, ఆ ముద్దలో నమలడానికి ఏమీ మిగలనంతసేపు.

"మిమ్మల్నే."

"పోయిన శనివారం," అన్నాడు చివరికి. "చిన్న పని చేసిపెట్టాను. నీకు చెప్పొద్దన్నాడు నాన్న. చెబితే అక్కడ కూర్చోనివ్వవని."

"ఏం పని?"

పని సంగతి అడిగేసరికి మెకానిక్ మొహం వెలిగింది. తప్పు ఒప్పుకుంటున్నానన్న సంగతి మరిచిపోయి, విప్పి చెప్పడం మొదలుపెట్టాడు. "ఆ గదిలో చలి, ఈదురుగాలి. కిటికీ సందుల్లో దర్జీ గుడ్డముక్కలు కుక్కుకున్నాడు గాని, తలుపు కిందినుంచీ పక్కలనుంచీ కత్తిలా కోసేది. ముసలాళ్ళు వణికిపోతున్నారు. నా దగ్గర ఒక పాత ఫ్రిజ్ ఉందిగా, పెద్దది, రెండు తలుపులది. దాని తలుపు రబ్బరు ఊడదీసి ఈ తలుపుకి వేశాను. చౌకట్టుకు రేకు కొట్టాను, రబ్బరులో అయస్కాంతం ఉంటుంది కదా, అది రేకును పట్టేస్తుంది. తలుపు వేస్తే 'చప్' మని అతుక్కుంటుంది. ఇంక చూస్కో, బయట గాలి లోపలికి రాదు, లోపలి గాలి..."

అక్కడ ఆగాడు. పెళ్ళాం మొహం చూసి ఆగాడు.

"లోపల వేడి ఎక్కడిది?" అంది ఆవిడ మెల్లగా.

"కుంపటి."

"బొగ్గులా?"

"దర్జీ ఇస్త్రీ పెట్టెకు వాడే బొగ్గులే. మంచి బొగ్గులు. పొగ కూడా రాదు."

శిక్షణ తరగతుల్లో చివరి రోజు చివరి పాఠం అది. అందరూ టీకి లేచి వెళ్ళిపోగా, ఆవిడా ఇంకో ఇద్దరూ మిగిలి విన్న పాఠం. మూసిన గదిలో బొగ్గులు. రంగు లేదు, వాసన లేదు, పొగ అసలే లేదు. ముందు తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత తూలడం, ఏడూ ఐదూ ఎంతో తెలియకపోవడం. తర్వాత నిద్ర. ఆ నిద్ర లోంచి లేవనివాళ్ళుంటారని చెప్పి, పాఠం చెప్పినాయన కూడా టీకి వెళ్ళిపోయాడు.

కోడలు లేచింది. చెప్పులు వేసుకోలేదు.

"ఆదివారం కొట్టు మూత," అంది పరుగెత్తుతూ. "అందుకే జబ్బు లేదు. లేవండి."

ఎంగిలి చేత్తోనే అతను వెనక పరుగెత్తాడు.

*

ఇంటి పక్క సందులోంచి వెళితే దర్జీ కొట్టు మూడు నిమిషాలు, పెద్దవీధిలోంచి వెళితే పది. ఇద్దరూ సందులో పడ్డారు.

కొట్టు ముందుగదిలో కుట్టుమిషను ఒంటరిగా ఉంది. సూది కింద చొక్కా సగం కుట్టి ఉంది. వెనకగది తలుపు మూసి ఉంది.

"అమ్మా," అని పిలిచాడు కొడుకు. "నాన్నా."

ఎవరూ పలకలేదు.

ఇద్దరూ కలిసి తలుపు పిడి పట్టుకుని లాగారు. రాలేదు. కాలు గోడకు తన్ని లాగారు. ఫ్రిజ్ తెరిచినప్పుడు వచ్చే చప్పుడే వచ్చి, తలుపు ఒక్కసారిగా తెరుచుకుని, ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. లోపలి వెచ్చదనం వాళ్ళ మీదుగా దొర్లి వీధిలోకి పోయింది.

లోపల ఆట ఎక్కడిది అక్కడే ఆగి ఉంది. పోస్టుమాను క్యారమ్ బోర్డు మీద చెంప ఆనించి, మొహమంతా బోరిక్ పౌడరుతో నిద్రపోతున్నాడు. సైకిల్ షాపు అన్నదమ్ములు ఒకరి భుజం మీద ఒకరు వాలి, కలహాలన్నీ మరిచినట్టున్నారు. దర్జీ గోడకు చేరబడి ఎవరికో కొలతలు తీస్తున్నట్టు గాల్లో చేతులు ఆడిస్తున్నాడు. లెక్కల మాస్టారు ఎర్రకాయను కళ్ళ దగ్గర పెట్టుకుని, అదేమిటో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నాడు.

"చంకల కింద పట్టుకుని లాగండి. మాట్లాడకండి, లోపల ఊపిరి పీల్చకండి," అంది కోడలు.

ఒక్కొక్కరినీ ఈడ్చి వీధిలో, అంతసేపూ తిట్టుకున్న ఆ చలిగాలిలోనే కూర్చోబెట్టారు. పక్క కొట్లవాళ్ళు వచ్చి తలో చేయి వేశారు. కోడలు ఒక చేత్తో పోస్టుమాను నాడి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చేసింది.

"డాక్టరుగారూ, అంబులెన్సు కావాలి. ప్రాణవాయువు సిలిండర్లు కూడా. మూసిన గదిలో బొగ్గు కుంపటి. ఐదుగురు."

"దూది కాదుగా?"

"కాదండీ."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. "గాలిలోనే ఉంచు. వస్తున్నా. పట్టిక సంగతి తర్వాత."

పోస్టుమాను కళ్ళు తెరిచి, తన ఇల్లు ఇదేనా అని అడిగాడు. అన్నదమ్ములకు మెలకువ వచ్చి, ఒకరి మీద ఒకరు వాలి ఉన్నామని గమనించి, వెంటనే విడివడి కూర్చున్నారు. కోడలు మాస్టారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"మాస్టారూ, ఏడూ ఐదూ?"

ఆయన చేతిలోని ఎర్రకాయను కింద పెట్టాడు. "పన్నెండు," అన్నాడు. "అంత తేలిక లెక్క నన్నెందుకు అడుగుతున్నావమ్మా?"

కోడలికి అప్పుడు ఊపిరి వచ్చింది. ఒక్కసారే వచ్చింది. రెండోది రాబోతూ ఆగిపోయింది.

పుస్తకంలో రాసుకున్నది ఆరుగురు. వీధిలో ఉన్నది ఐదుగురు.

"మామయ్య ఏరి?" అంది. "అత్తయ్య ఏరి?"

కొడుకు గదిలోకి మళ్ళీ దూరి వచ్చాడు. "లోపల లేరు."

దర్జీ మోచేయి పట్టి కుదిపితే, ఆయన మాట కూడదీసుకుని చెప్పాడు. "మీ అమ్మ వచ్చింది కదయ్యా. తలుపు తీసింది, నిలబడింది, చాలాసేపు చూసింది. ఇంత వెచ్చదనం నాకు ఒక్కరోజైనా చూపించావా అని హారన్ మీద పడింది. మూడు రోజుల మాటలు మిగిలి ఉన్నాయి, ఇంటికి పద, ఆ రెండో కుంపటి కూడా పట్టుకు పద, కూర్చుని తేల్చుకుందాం అంది. కుంపటి నేనే ఇచ్చాను. నిండా నిప్పులతో."

"ఎప్పుడు?"

"ఏమో. మూడో ఆట అప్పుడు. సందులో ఎవరికైనా తగులుతుందని పెద్దవీధి మీదుగా వెళ్ళారు."

కోడలు, కొడుకు సందులో వస్తుంటే వాళ్ళు పెద్దవీధిలో పోయారన్నమాట.

"ముందుగదిలో కూర్చుంటారులే," అంది కోడలు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "మన ఇంట్లో గాలి రాని గది ఎక్కడుంది. వెనకగది తలుపు కింద పిల్లి దూరేంత సందు."

కొడుకు అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

ఆవిడ అతని వైపు తిరిగింది. పొద్దుటి సుత్తి గుర్తొచ్చింది. రేకు ముక్కలు గుర్తొచ్చాయి. అతని జుట్టులో పొట్టు ఇంకా ఉంది, చేతికి జిగురు ఇంకా ఉంది.

"ఏమండీ. ఆ ఫ్రిజ్‌కి రెండు తలుపులన్నారు. రెండో రబ్బరు ఏం చేశారు?"

అతను ఇంటి వైపు చూశాడు.

"అమ్మ సంతోషిస్తుందని," అన్నాడు.

*

పక్క కొట్లవాళ్ళకు ముసలివాళ్ళను అప్పగించి, ఇద్దరూ వచ్చిన సందులోనే వెనక్కి పరుగెత్తారు. ఇంటి ఎదురుగా అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు పనులు ఆపి కూర్చుని ఉన్నారు, చెవులు ఇటు పెట్టి.

"తలుపు పడింది," అంది అందులో ఒకావిడ ఉత్సాహంగా. "మూడు రోజుల తర్వాత. మొదట బ్రహ్మాండంగా సాగింది."

"మొదట?" అంది కోడలు.

"ఇప్పుడు కాస్త చప్పబడింది. టీ తాగుతున్నారేమో."

వాళ్ళు ఇంట్లోకి దూరారు. ముందుగదిలో కొడుకు వదిలేసిన కంచం అలాగే ఉంది. వంటిల్లు దాటారు. వెనకగది తలుపు చౌకట్టులో ఇమిడిపోయి, చుట్టూ బూడిదరంగు రబ్బరుతో, కొత్త ఫ్రిజ్‌లాగా నీటుగా మూసి ఉంది. కింద పిల్లి దూరే సందు లేదు, చీమ దూరే సందు లేదు.

కోడలు తలుపుకు చెవి ఆనించింది. అత్తగారి గొంతు లేదు. మామగారి గొంతు లేదు.

"రాజీ పడ్డారేమో," అన్నాడు కొడుకు, ఆశగా.

"మీ అమ్మా, నాన్నా?"

అతను తల దించుకున్నాడు. ఆవిడ రెండు చేతులా పిడి పట్టుకుని, కాలు గోడకు ఆనించి, అతని వైపు చూడకుండా అడిగింది.

"ఈ రబ్బరు వేస్తే లోపలి మాట బయటికి వినపడదు కదూ? అందుకే కదూ ఏమీ వినపడటం లేదు?"

కొడుకు కూడా వచ్చి పిడి పట్టుకున్నాడు.  

"వినపడుతుంది," అన్నాడు. "అది గాలినే ఆపుతుంది. మాటను ఆపదు."